రెండేళ్లు ఆగిన ఆకు

హవానా నుంచి వచ్చే కొన్ని చుట్టలకు రెండు పట్టీలుంటాయి. పైది బ్రాండు గుర్తు. దాని కిందే నలుపు మీద బంగారు రంగు అక్షరాలతో మరొకటి ఉంటుంది. దాని మీద ‘ఎదిసియోన్ లిమితాదా’ అన్న మాట, పక్కన సంవత్సరం కనిపిస్తాయి. పరిమిత సంఖ్యలో చేసిన చుట్ట అని చాటే ఈ నల్ల పట్టీ 2000లో మొదలైంది. అప్పటి నుంచి క్యూబా చుట్టలను అమ్మే హబానోస్ సంస్థ ఏటా కొన్ని బ్రాండ్లను ఎంచుకుని, వాటి మామూలు వరసలో లేని కొలతతో ఒక్కో చుట్టను ప్రత్యేకంగా విడుదల చేస్తోంది. దొరికినవాళ్లు పెట్టెలకు పెట్టెలు దాచుకుంటారు. దొరకనివాళ్లు రెట్టింపు పెట్టి కొంటారు.

ఆ పట్టీ చెప్పే సంగతులు రెండు. ఈ చుట్టలు తక్కువే ఉన్నాయన్నది ఒకటి. వీటిలోని ఆకు మామూలు చుట్టల ఆకు కన్నా ఎక్కువ కాలం ఆగి వచ్చిందన్నది రెండోది. ధరను పెంచేది మొదటిది. నాలుకకు తెలిసేది రెండోది. ఎన్ని తయారుచేశారన్న లెక్కకు రుచి ఉండదు, వాసన ఉండదు. పరిమిత చుట్టకు విలువ కట్టేవాళ్లు ఈ రెండింటినీ విడదీయకుండా మార్కులు వేస్తే ఆ మార్కులకు విలువ లేదని నా గట్టి నమ్మకం.

మొదటి ఏడేళ్లు నల్ల పట్టీ హామీ పై ఆకుకే పరిమితం. చుట్టకు వెలుపల చుట్టే ఆ ఒక్క ఆకు కనీసం రెండేళ్లు నిల్వ ఉండాలన్నది నియమం. 2007 నుంచి ఆ నియమం లోపలి ఆకులకు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకుకు కూడా వర్తించింది. చూడటానికి చిన్న మార్పే. రుచి విషయంలో మాత్రం ఈ పాతికేళ్ల చరిత్రలో అసలైన మలుపు ఇదే.

పినార్ దెల్ రియో మట్టి

ఈ ఆకు పండే చోటు క్యూబా పడమటి కొసన ఉంది. పినార్ దెల్ రియో రాష్ట్రంలో వూయెల్తా అబాహో అనే ప్రాంతం. అందులోనూ సాన్ హువాన్ ఇ మార్తీనెస్, సాన్ లూయిస్ ఊళ్ల చుట్టుపక్కల ఎర్రనేలలకు పేరెక్కువ. 2010లో కన్నుమూసిన అలెహాంద్రో రొబాయినా సాన్ లూయిస్ రైతే. పై ఆకు పండించడంలో ఆయనకున్న నేర్పు చూసి 1997లో ఆయన ఇంటిపేరుతోనే ఒక చుట్టల బ్రాండు పెట్టారు. బతికుండగానే ఒక రైతు పేరు చుట్ట పట్టీ మీదకు ఎక్కడం ఆ దేశంలో మామూలు సంగతి కాదు.

అక్కడ పొగాకు తోటలు రెండు రకాలు. పై ఆకు కోసం వేసే మొక్కల మీద పలచటి గుడ్డ పందిరి వేస్తారు. ఎండ తగ్గితే ఆకు వెడల్పుగా, పలచగా, ఈనెలు పైకి తేలకుండా పెరుగుతుంది. లోపలికి వాడే ఆకును నేరుగా ఎండలోనే పెంచుతారు. ఎండమొక్క మీద ఆకు ఏ ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి దాని పని మారుతుంది. అడుగు ఆకు వొలాదో, బాగా కాలుతుంది. నడిమి ఆకు సేకో, వాసన దానిది. ఎగువ ఆకు లిహేరో, ఘాటంతా దానిలోనే. ఇంకా కొసన కొన్ని మొక్కలకు మాత్రమే రెండు చిన్న ఆకులు వస్తాయి. వాటిని మేదియో తియెంపో అంటారు. 2010లో వచ్చిన కొహీబా బ్రాండు బెహికే చుట్టల ప్రత్యేకత ఆ ఆకే.

ఆకును ఆరబెట్టే తీరు దగ్గర మన ప్రకాశం, గుంటూరు రైతులకు ఒక తేడా వెంటనే తెలుస్తుంది. మన వర్జీనియా పొగాకును బేరన్‌లో పొగగొట్టాల వేడికి సుమారు వారంలో ఆరబెడతారు. ఆకులోని చక్కెర అలాగే నిలిచిపోతుంది. క్యూబా చుట్టాకు నిప్పు ముఖం చూడదు. కర్రల మీద గుచ్చి, చెక్క పాకల్లో గాలికే 50 రోజుల దాకా వేలాడదీస్తారు. ఆ వ్యవధిలో ఆకు తనలోని చక్కెరను తానే దాదాపు తినేస్తుంది. అందుకే సిగరెట్ పొగలో పులుపు గుణం, చుట్ట పొగలో క్షార గుణం. దీని పర్యవసానం ముందు ముందు చెబుతాను. అది రుచి కన్నా ముఖ్యమైనది.

2022 సెప్టెంబరు 27న ఇయాన్ తుపాను సరిగ్గా ఈ ప్రాంతం మీద విరుచుకుపడింది. వేల పాకలు నేలమట్టమయ్యాయి. పాక లేకపోతే పొలం ఉండీ లాభం లేదు.

ఆరిన ఆకును కుప్పలు వేసి మగ్గబెడతారు. కుప్ప లోపల వేడి దానంతట అదే పుడుతుంది. ఒక హద్దు దాటకముందే కుప్ప విప్పి, ఆకు తిరగేసి, మళ్లీ పేరుస్తారు. ఆ వేడికి ఆకులోంచి అమ్మోనియా బయటకు పోతుంది, పసరు చస్తుంది. ఘాటైన ఆకుకు ఇది ఒకటికి రెండుసార్లు జరుగుతుంది. కొహీబాకు వాడే సేకో, లిహేరో ఆకులను పీపాల్లో పెట్టి మూడోసారి కూడా మగ్గబెడతారు. ఆ తర్వాత బేళ్లు కట్టి గోదాములో ఉంచుతారు. మామూలు చుట్టల్లో లిహేరో ఆకే రెండేళ్లు ఆగుతుంది. తేలికైన ఆకులు అంతకన్నా ముందే ఫ్యాక్టరీకి పోతాయి. నల్ల పట్టీ చుట్టలో అన్ని ఆకులూ ఆగుతాయి. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ తేడా తెలిసిన తెలుగువాళ్లకు ఈ నిరీక్షణ ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు.

వెలిగించక ముందు

ఉదాహరణకు కొహీబా 55 అనివర్సారియో తీసుకుందాం. 1966లో పుట్టిన కొహీబాకు 55 ఏళ్లు నిండిన సందర్భంగా చేసిన 2021 పరిమిత చుట్ట ఇది. పొడవు 150 మిల్లీమీటర్లు, లావు 57. చుట్టల వ్యాపారంలో లావును అంగుళంలో 64వ వంతులతో కొలుస్తారు. 57 అంటే రెండుంపావు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ.

మొదట చేత్తో పట్టి చూడాలి. బొటనవేలితో, చూపుడువేలితో నొక్కుతూ పై నుంచి కింది దాకా పోతే ఎక్కడైనా గట్టిగా తగిలినా, మెత్తగా లొట్టపడినా చుట్టినవారి చేయి తడబడిందన్నమాట. పరిమిత చుట్టలకు పందిరి మొక్కల పై అంచె ఆకులు వాడతారు. అందుకే ఇవి నలుపు తిరిగిన గోధుమ రంగులో ఉంటాయి. రంగు కన్నా ముఖ్యం ఆకు మీది నూనె మెరుపు. పొడిబారిన ఆకులో ఆ మెరుపు ఉండదు. అలాంటిది ఎంత అరుదైనా మొదటి పరీక్షలోనే వెనకబడుతుంది.

కొస కత్తిరించాక, వెలిగించకుండానే ఒకసారి గాలి పీలుస్తారు. రుచి చూసేవాళ్లలో చాలామంది తొందరగా దాటేసే ఈ ఘట్టం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆకు నిజంగా ఆగిందా లేదా అన్నది ఇక్కడే సగం తేలిపోతుంది. పచ్చి ఆకైతే ముక్కుకు అమ్మోనియా తగులుతుంది, పశువుల కొట్టంలో అడుగుపెట్టిన భావన కలుగుతుంది. ఆగిన ఆకైతే ఎండుగడ్డి, దేవదారు, కొంచెం ఎండు ద్రాక్ష వాసన వస్తుంది. గాలి ఎంత సులువుగా వస్తోందన్నదీ అప్పుడే చూడాలి. మరీ బిగువుగా ఉంటే గంట సేపు తాగే మనిషి చుట్టతో కుస్తీ పట్టాల్సిందే. ఈ ఫిర్యాదు ఎక్కువయ్యాకే 2000ల మొదట్లో హవానా ఫ్యాక్టరీల్లో గాలిని కొలిచే యంత్రాలు పెట్టారు. పై ఆకు చుట్టక ముందే లోపలి కట్టను యంత్రానికి తగిలించి చూస్తారు.

వెలిగించడానికి పెట్రోలు లైటరు పనికిరాదు, దాని వాసన ఆకుకు పడుతుంది. దేవదారు చెక్క పుల్లతోనో, గ్యాసు మంటతోనో, మంట ఆకును తాకకుండా కొస అంతా సమంగా కాల్చాలి.

మూడు భాగాలు

లావు చుట్ట గంటకు పైగా కాలుతుంది. రుచి చూసేవాళ్లు దాన్ని మూడు భాగాలుగా విభజించి రాసుకుంటారు. ఫ్రెంచివాళ్లకు దీని మీద ఒక మొరటు సామెతలాంటిది ఉంది. మొదటి భాగం గడ్డి, రెండోది దివ్యం, మూడోది పేడనీళ్లు అంటారు. మామూలు చుట్టల విషయంలో అది చాలావరకు నిజమే. కాలేకొద్దీ తారు, నికోటిన్ కింది భాగంలో పేరుకుంటాయి. చివరికి చేదు, వేడి, గొంతులో మంట మిగులుతాయి.

మొదటి భాగంలో నాలుక ముందు పట్టుకునేది మిరియం. పొగను నోట్లోనే ఉంచి, కొద్దిగా ముక్కులోంచి వదిలితే అసలు సంగతి బయటపడుతుంది. నాలుకకు తెలిసేవి తీపి, ఉప్పు, పులుపు, చేదు వంటి నాలుగైదు రుచులే. కాఫీ, తోలు, జాజికాయ, వేయించిన జీడిపప్పు అని రాసేవన్నీ ముక్కు చెప్పే మాటలే. పచ్చి ఆకు పొగను అలా వదిలితే నసాళానికి అంటుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆగిన ఆకులోనూ ఘాటుంటుంది గానీ అది కొరకదు. ఘాటు, కరుకు వేరువేరు సంగతులు. ఈ తేడా పట్టలేనివాళ్లు బలమైన చుట్టనల్లా మంచిదంటారు, లేదంటే మెత్తటిదాన్నల్లా మంచిదంటారు.

రెండో భాగంలో చూడాల్సింది మార్పు. ఉన్న రుచే గంటసేపు ఉంటే అది తప్పు కాదు గానీ గొప్ప కాదు. కొహీబా నుంచి ఆశించేది పచ్చిక వాసనతో కలిసిన తేనె తీపి. నల్ల పై ఆకు వేసినప్పుడు దానికి కోకో చేదు తోడవుతుంది. ఒకటి రెండోదాన్ని మింగకుండా రెండూ వినిపించాలి.

మూడో భాగమే తీర్పు చెప్పేది. రెండేళ్లు ఆగిన ఆకు అన్న హామీ నిజమైతే ఆ పేడనీళ్ల దశ రాకూడదు, లేదా చాలా ఆలస్యంగా రావాలి. పట్టీ విప్పే చోటు దాటాక కూడా తీపి మిగిలిందా, నోరు ఎండిపోయిందా అన్నది చూస్తే చాలు. మొదటి అంగుళాన్ని పొగుడుతూ రాసిన సమీక్షల కన్నా చివరి రెండు అంగుళాల గురించి రాసిన రెండు వాక్యాలను నేను ఎక్కువ నమ్ముతాను.

బూడిద గురించి ఒక మాట. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో (1890) షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద పుస్తకం రాశానని చెబుతాడు. హంతకుడు తాగింది ఫలానా చుట్ట అని బూడిద చూసి చెప్పగలిగితే వెతకాల్సిన మనుషుల సంఖ్య తగ్గుతుందన్నది అతని వాదన. దానికి అతనిచ్చిన ఉదాహరణ మన గోదావరి లంకల పొగాకుతో చేసిన చుట్టే. వరద మేట వేసిన ఒండ్రులో పండిన ఆకు లండన్ నవలలోకి వెళ్లిందంటే దాని గుర్తింపు ఎంతటిదో ఊహించుకోవచ్చు. హోమ్స్ వాదనలో నిజం ఉంది. బూడిద రంగు నేలలోని ఖనిజాలను చెబుతుంది. రుచిని మాత్రం చెప్పదు. బూడిద పొడవుగా రాలకుండా నిలిస్తే లోపల తునకలు కాకుండా నిండు ఆకులు వేశారని, చుట్టడం బాగుందని అర్థం. అంతకు మించి అందులో వెతికితే దొరికేదేమీ లేదు.

55 అనివర్సారియో లావు విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది. చుట్ట లావయ్యేకొద్దీ లోపలి ఆకు పాలు పెరిగి, పై ఆకు పాలు తగ్గుతుంది. అంత శ్రమపడి పందిరి కింద పెంచి, ఏళ్ల తరబడి దాచిన నల్ల ఆకును 57 లావు చుట్టకు చుట్టడమంటే దాని గొంతు తగ్గించడమే. అదే కొహీబాలో 38 లావుండే లాన్సెరో ఉంది. అలాంటి సన్నని చుట్టకు ఈ ఆకు పడితే రుచి ఇంకా విడిగా, స్పష్టంగా తెలుస్తుంది. సన్నని చుట్ట చుట్టడం కష్టం, గాలి బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. అయినా పరిమిత చుట్ట అన్నప్పుడు ఆ కష్టం పడాల్సిందే. లావు కొలతలు బాగా అమ్ముడుపోతాయన్నది వ్యాపారానికి కారణం కావచ్చు, రుచికి కాదు.

మార్కులు, ధర, దొంగ సరుకు

1992లో మొదలైన అమెరికా పత్రిక ‘సిగార్ అఫీషియనాడో’ 100 మార్కుల పద్ధతికి ప్రచారం తెచ్చింది. పట్టీలు తీసేసి, అంకెలు మాత్రమే అంటించి, ఏది ఏ బ్రాండో తెలియకుండా చుట్టలు పంచుతారు. రూపం-నిర్మాణం, రుచి, కాలే తీరు, మొత్తం మీద కలిగిన అభిప్రాయం అనే నాలుగు పద్దుల కింద మార్కులు వేస్తారు. 2010లో వాళ్ల సంవత్సరపు మేటి చుట్ట బెహికే 52. దానికి నల్ల పట్టీ లేదు. గెలిపించింది ఆకే.

పట్టీ కనిపిస్తే మనసు ముందే మార్కులు వేసేస్తుంది. ధర తెలిస్తే ఇంకా ఎక్కువ వేస్తుంది. 2006లో కొహీబా 40 ఏళ్ల గుర్తుగా చేసిన మొదటి బెహికే చుట్టలు మొత్తం 4,000. నలభయ్యేసి చొప్పున 100 పెట్టెలు. అన్నీ ఎల్ లగీతో ఫ్యాక్టరీలో నోర్మా ఫెర్నాందెస్ అనే ఒక్క మహిళ చేతి మీదుగా తయారయ్యాయి. ఒకే చేయి అన్నది నాణ్యతకు సంబంధించిన సంగతి. 4,000 అన్నది కాదు. 2022లో హబానోస్ తన కొహీబా, త్రినిదాద్ బ్రాండ్ల ధరలను ప్రపంచమంతా హాంకాంగ్ స్థాయికి సమం చేసింది. చాలా దేశాల్లో ఒక్కసారిగా ధర రెట్టింపైంది. అందుకోసం ఆకు ఒక్క రోజు కూడా అదనంగా ఆగలేదు. హవానాలో జరిగే చుట్టల ఉత్సవం చివరి రాత్రి వేలంలో 2024లో ఒక కొహీబా పెట్టె 40 లక్షల యూరోలు దాటింది. ఆ వేలం డబ్బు క్యూబా ప్రజారోగ్య వ్యవస్థకు వెళుతుంది.

ధర ఉన్న చోట నకిలీ ఉంటుంది. అద్దం మూతతో వచ్చే కొహీబా పెట్టె నకిలీయే, ఫ్యాక్టరీ అలాంటి పెట్టె చేయదు. అసలు పెట్టె అడుగున పూర్తిగా చేత్తో చేసిందన్న కాల్చిన ముద్ర, ఫ్యాక్టరీ సంకేతం, పెట్టె కట్టిన నెల, సంవత్సరం ఉంటాయి.

నిల్వ విషయంలో మన వాతావరణం కష్టపెడుతుంది. చుట్టకు 65 నుంచి 70 శాతం తేమ, 16 నుంచి 18 డిగ్రుల చలువ కావాలి. వేడి పెరిగితే ఆకులోని గుడ్లు పగిలి పురుగు పుడుతుంది. పసుపు కొమ్ములకు గోదాముల్లో పట్టే పురుగే ఇది. లక్ష రూపాయల పెట్టెను సూదిబెజ్జాల జల్లెడ చేసేస్తుంది. ఎగుమతికి ముందు క్యూబాలో చుట్టలను గడ్డకట్టిస్తున్నది దీన్ని చంపడానికే.

పొగ మింగకపోయినా

ఇందాక వదిలిన క్షార గుణం సంగతి ఇప్పుడు. చుట్ట తాగేవాళ్లు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి హాని లేదని చాలామంది నమ్మకం. అది తప్పు. క్షార గుణం ఉన్న పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి పోతుంది. ఒక్క పెద్ద చుట్టలో పెట్టెడు సిగరెట్లంత పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు చుట్ట కారణమవుతుంది. రెండేళ్లు ఆగినా, ఇరవై ఏళ్లు ఆగినా ఇందులో తేడా ఉండదు. వయసు ఘాటులోని కరుకును తగ్గిస్తుంది, విషాన్ని కాదు.

దీన్ని తెలుగువాళ్లకు వేరే దేశం ఉదాహరణతో చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరాలుగా ఉంది. అక్కడి వారి అంగిట్లో పుట్టే క్యాన్సర్ మీద వైద్యులు చేసిన అధ్యయనాలు ప్రపంచ వైద్యగ్రంథాలకు ఎక్కాయి. కొహీబా పట్టీకి, ఊళ్లో చుట్టకు మధ్య ఎంత దూరమున్నా నోటి పొర ఒక్కటే. అందుకే ఈ కథనం ఎవరినీ కొత్తగా వెలిగించమని చెప్పడం లేదు. ఆకును, చేతిని, కాలాన్ని అంచనా కట్టే విద్య ఎలా ఉంటుందో చెబుతోంది.

తేడా పట్టే పద్ధతి

ఆ విద్యలో ఇప్పటికీ సరిగా జరగని పరీక్ష ఒకటుందని నా అభిప్రాయం. పరిమిత చుట్టను విడిగా తాగి మార్కులేయడం కాదు. అదే బ్రాండు మామూలు చుట్టను, వీలైనంత దగ్గరి కొలతలో, పెట్టె అడుగు ముద్ర అదే సంవత్సరానిది ఎంచుకోవాలి. ఆహార పరిశోధకులు వాడే మూడింటి పరీక్ష ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. మూడు చుట్టలిస్తారు. రెండు ఒక రకం, ఒకటి వేరే రకం. పట్టీలుండవు. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడుసార్లకు ఒకసారి తగులుతుంది కాబట్టి పరీక్షను చాలామందితో, చాలాసార్లు జరపాలి. ఒక్కో చుట్టకు గంట పడుతుంది, ఒక పూటకు ఒకటి మించితే నాలుక మొద్దుబారుతుంది. కాబట్టి రోజులు పడతాయి.

ఇది విడుదలైన కొత్తలోనే జరగాలి. ఎందుకంటే పెట్టెలోకి వెళ్లాక కూడా ఆకు ఆగడం మానదు. పై ఆకు మాత్రమే ఆగి వచ్చిన 2006 చుట్టకూ, ఆకులన్నీ ఆగి వచ్చిన 2007 చుట్టకూ అప్పట్లో గట్టి తేడా ఉండి ఉండాలి. ఇప్పుడా పెట్టెలు రెండూ దాదాపు ఇరవై ఏళ్లు నిల్వ ఉన్నాయి. మొదట్లో తక్కువైన ఆ రెండేళ్లను పాత చుట్ట తన పెట్టెలోనే ఎప్పుడో పూడ్చుకుని ఉంటుంది. 2021 చుట్టల విషయంలో ఆ తేడా చెరిగిపోవడానికి ఇంకా వ్యవధి ఉంది. పరీక్ష పెట్టదలచినవాళ్లు పెట్టె ముద్ర మీది నెలను, తెరిచిన తేదీని పక్కపక్కన రాసుకుని మొదలుపెట్టాలి.